ముల్లు లేని గాలం



ఇప్పుడు నా ముందు బల్ల మీద ఒక గాలం ఉంది. నా చూపుడువేలి రెండు కణుపులంత పొడవు ఉంటుంది. మెరిసే ఉక్కు. మన రేవుల దగ్గర కొట్లలో ఏ గాలం తీసుకుని చూసినా, మొనకు కాస్త వెనకగా చిన్న ఎదురు ముల్లు ఒకటి కనిపిస్తుంది. చేప నోట్లో దిగిన గాలం మళ్లీ వెనక్కి జారకుండా పట్టి ఉంచేది ఆ ముల్లే. నా దగ్గరున్న గాలానికి ఆ ముల్లు లేదు. మొన నుంచి మెడ దాకా నున్నగా ఉంటుంది.

కిందటేడాది ఫిబ్రవరిలో మాల్దీవులకు వెళ్లినప్పుడు, ఒక తెల్లవారుజామున అక్కడి మత్స్యకారులతో కలిసి టూనా వేటకు వెళ్లాను. తిరిగి ఒడ్డుకు దిగేటప్పుడు ఆ పడవ పెద్దాయన ఈ గాలాన్ని నా అరచేతిలో పెట్టారు. ముల్లు లేని గాలంతో ఒక దేశం వందల ఏళ్లుగా ఎలా బతుకుతోందో ఆ ఉదయం కళ్లారా చూశాను. అది మీతో పంచుకోవాలనే ఈ ప్రసంగం.

మాల్దీవులు అనగానే చాలామందికి నీళ్ల మీద కట్టిన చెక్క కుటీరాలు, తెల్లని ఇసుక గుర్తొస్తాయి. ఆ యాత్రా వ్యాపారం మొదలైంది 1972లో. అంతకుముందు ఆ దేశానికి అన్నం పెట్టింది చేపే. తిరువనంతపురం నుంచి విమానంలో గంటకు కాస్త పైన ప్రయాణం. ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న దాదాపు 1,200 పగడపు దీవులు. వాటిలో జనం ఉండే ఊళ్లు 200 లోపే. దేశంలోని నేలంతా ఒకచోట పోగేస్తే 300 చదరపు కిలోమీటర్లు. అంటే మన హైదరాబాద్ నగరంలో సగం కూడా రాదు. పొలం దున్నడానికి చోటు లేదు, బియ్యం బయటి నుంచి రావలసిందే. అలాంటి చోట మనిషి సముద్రాన్నే పొలం చేసుకున్నాడు.

ఒకప్పుడు విదేశీయులు హోటళ్లకే కేటాయించిన దీవుల్లో దిగి అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపోయేవారు. ఊళ్లలో అతిథి గృహాలకు 2009 తర్వాత అనుమతి వచ్చింది. అందువల్లే నాలాంటివాడు జనం మధ్య నాలుగు రోజులు ఉండగలిగాడు. నేను వెళ్లింది దక్షిణాన ఉన్న లామూ అటోల్‌కు. అటోల్ అంటే సముద్రం మధ్య వడ్డాణంలా గుండ్రంగా పెరిగిన పగడపు దిబ్బ. లోపల ప్రశాంతమైన లోతు తక్కువ నీళ్లు, బయట అంతులేని అగాధం. ఈ గట్టుకు అక్కడక్కడ తెగిన దారులు ఉంటాయి. పడవలు ఆ దారుల్లోంచే బయటి సముద్రంలోకి వెళతాయి.

నేను పుట్టి పెరిగింది భీమిలి దగ్గర. మాది వేట కుటుంబం కాదు కానీ తెప్పలు ఒడ్డుకు రావడం, ఆడవాళ్లు బుట్టలతో ఎదురెళ్లడం చూస్తూ పెరిగాను. అందుకే ఏ దేశం వెళ్లినా ముందు నా కాళ్లు రేవు వైపు లాగుతాయి. ఆ సాయంత్రం కూడా రేవులో నిలబడి ఉంటే, పడవ కడుగుతున్న ఒక పెద్దాయన హిందీలో పలకరించారు. అక్కడ హిందీ సినిమాలు చూడని ఇల్లు లేదు. వైద్యానికీ చదువులకూ మన దేశానికి వచ్చి వెళ్లేవాళ్లు కూడా ఎక్కువ. అందుకే హిందీ చాలామందికి వచ్చు.

ఆ పడవను వాళ్లు మస్ ధోని అంటారు. మస్ అంటే చేప, మన మత్స్యం నుంచి వచ్చిన మాటే. ధోని అంటే మన దోనె. చేపల దోనె! ఆ మాట వినగానే ఎక్కడో బంధువుల ఇంటికి వచ్చినట్టు అనిపించింది. పడవ నడిపే పెద్దను కేయొళు అంటారు. మన మరబోట్ల మీద సరంగు ఎలాగో అక్కడ కేయొళు అలాగ. ఆ పెద్దాయనే కేయొళు. వయసు అరవై దాటి ఉంటుంది. "రేపు వేటకు నన్ను కూడా తీసుకెళ్తారా అన్నా?" అని అడిగాను. ఆయన ఆకాశం వైపు చూసి, "ఇప్పుడు ధినశ నడుస్తోంది. సముద్రం మెత్తగా ఉంటుంది. రాత్రి రెండింటికి రా తమ్ముడూ" అన్నారు.

ధినశ అంటే ఏమిటని అడిగాను. ఆయన ఇసుకలో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టారు. వాళ్ల పంచాంగంలో ఏడాదికి 27 నకైలు. ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. ఏ నకైలో ఏ గాలి వీస్తుందో, ఏ నకైలో వాన వస్తుందో, ఎప్పుడు చేప ఏ వైపు తిరుగుతుందో, తండ్రి కొడుక్కు చెప్పుకుంటూ వచ్చిన లెక్క. ఆయన పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. అస్సిద, బురును, కెతి, రోను, మియహెలి, అద, ఫునోస్...

నాకు ఒళ్లు జలదరించింది. ఆయన ఆగగానే నేను అందుకున్నాను. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు. ఆయన నా మొహంలోకి చూసి మళ్లీ చెప్పమన్నారు. ఈసారి ఇద్దరం కలిసి చెప్పుకున్నాం. ఆయన ఒక పేరు, నేను ఒక పేరు. నకై అంటే నక్షత్రం. అవి మన కార్తెలు! ఆయన ధినశ అన్నది మన ధనిష్ఠ. కొద్ది రోజుల తేడాతో మన రైతు పంచాంగంలోనూ అప్పుడు ధనిష్ఠ కార్తే నడుస్తోంది. రోహిణిలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అంటారని, మృగశిర కార్తె రాగానే మా వైపు చేప తినడం ఆనవాయితీ అని చెప్పాను. ఆయన చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయారు. మా తాతలకు విత్తు ఎప్పుడు వేయాలో చెప్పిన లెక్క, ఆయన తాతలకు పడవ ఎప్పుడు తీయాలో చెప్పింది. ఆకాశం ఒకటే కదా.

రాత్రి రెండింటికి రేవుకు వెళ్లేసరికి పడవ సిద్ధంగా ఉంది. పన్నెండు మంది మనుషులు. వాళ్లలో ఇద్దరు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ముందుగా వెళ్లింది టూనా కోసం కాదు, ఎర కోసం. ఈ వేటలో సగం పని ఎర పట్టడమే. ఎర బతికి ఉండాలి. చచ్చిన ఎరతో టూనా గుంపు పడవ దగ్గర నిలవదు.

అటోల్ లోపల నీళ్లలో పడవ ఆపి, పెద్ద దీపాలు నీళ్లలోకి దించారు. పది నిమిషాలకు ఆ వెలుగు చుట్టూ వెండి పొడి చల్లినట్టు ఏదో కదలడం మొదలైంది. రెహి అనే చిన్న చేపలు. చూడ్డానికి మన మెత్తళ్లలా ఉంటాయి. వెలుగు కోసం వేలకు వేలు వచ్చి చేరాయి. అప్పటికే పడవ పక్కన సన్నటి కన్నుల వల ఒకటి చాపలా నీళ్లలోకి దించి ఉంచారు. కేయొళు చెయ్యి ఎత్తగానే దీపాలు ఒక్కొక్కటిగా తగ్గించారు. చివరి దీపం వల మీదకు వచ్చింది. చేపలూ దానితోపాటే వచ్చాయి. నాలుగు మూలలా మనుషులు ఒక్క ఊపున వల పైకి తీశారు.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని చూస్తే కడుపు నిండింది. వల పూర్తిగా నీళ్లలోంచి లేపలేదు. చేపలు నీళ్లలోనే ఉండగా, చిన్న బకెట్లతో నీళ్లతో సహా తోడి పడవ అడుగున ఉన్న తొట్లలో పోశారు. ఒక్క చేపనైనా చేత్తో తాకలేదు. పొలుసు ఊడితే ఆ చేప పొద్దు పొడిచేలోపు చస్తుందట. ఇప్పుడు ఆ తొట్లలోకి సముద్రపు నీరు మోటారుతో వస్తూ పోతూ ఉంటుంది. తెరచాప పడవల రోజుల్లో పడవ అడుగున కావాలనే కన్నాలు పెట్టేవారు. ఆ కన్నాల్లోంచి నీరు లోపలికి వస్తుంటే, ఎర బతకడానికి కొందరు రాత్రంతా నీళ్లు తోడి బయట పోస్తూనే ఉండేవారు. పడవ మునగకూడదు, ఎర చావకూడదు. కేయొళు చిన్నప్పుడు చేసిన మొదటి పని అదేనట. 1974 ప్రాంతంలో ఆ పడవలకు ఇంజన్లు రావడం మొదలైంది.

ఐదు గంటలకు తూర్పు ఇంకా నల్లగానే ఉంది. అటోల్ గట్టు లోపలే పడవ ఆపి అందరూ ముఖాలు, చేతులు, కాళ్లు కడుక్కుని పడవ మీదే వరసగా నిలబడి నమాజు చేశారు. ఇంజను ఆగిన ఆ పది నిమిషాలూ పడవ అంచుకు నీరు తగిలే చప్పుడు, తొట్లలో చేపల గలగల తప్ప మరేమీ వినిపించలేదు. మన తీరంలో పడవ నీళ్లలోకి తోసే ముందు గంగమ్మకు మొక్కుకుని పసుపు కుంకుమలు చల్లడం గుర్తొచ్చింది. సముద్రం మీదకు వెళ్లే మనిషి ఎక్కడైనా ముందు దండం పెట్టుకునే వెళతాడు.

గట్టు మధ్య దారి దాటగానే పడవ నడక మారిపోయింది. అంతదాకా చెరువులో వెళ్తున్నట్టు ఉన్నది కాస్తా, కింద పెద్ద ఊపిరి ఏదో పీల్చి వదులుతున్నట్టు లేచి దిగసాగింది. నీటి రంగు కూడా మారింది. లేత ఆకుపచ్చ పోయి, సిరా ఒలికినట్టు ముదురు నీలం వచ్చింది. సూర్యుడు పైకి రాగానే అందరి కళ్లూ ఆకాశం వైపు తిరిగాయి. వాళ్లు వెతుకుతున్నది పక్షుల కోసం. అడుగున టూనా గుంపు చిన్న చేపలను తరుముతుంటే అవి పైకి ఎగురుతాయి, పైన పక్షులు వాటి కోసం మునకలేస్తాయి. ఇంజన్లు, దుర్భిణులు వచ్చినా చేప జాడ చెప్పే మొదటి కబురు పక్షిదే. ప్రభుత్వం 1981 నుంచి సముద్రంలో అక్కడక్కడ లంగరు వేసి తేలే బుడగలు కూడా అమర్చుతూ వచ్చింది. ఇప్పుడవి యాభై దాకా ఉన్నాయి. వాటి నీడన కూడా చేప చేరుతుంది. కానీ ఆ రోజు మాకు దారి చూపింది పక్షులే.

దూరంగా ఒకచోట నల్లని చుక్కలు తిరుగుతున్నాయి. కుర్రాళ్లలో ఒకడు ముందుగా చూశాడు. కేయొళు పడవను నేరుగా వాటి మీదకు పోనివ్వకుండా, గాలి వాలు చూసుకుని చుట్టూ తిప్పి, గుంపు వెళ్లే దారికి ముందు నిలబెట్టారు. మనుషులు పడవ వెనక భాగానికి పరిగెత్తి, భుజానికి భుజం తగిలేలా వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో మనిషికి రెట్టింపు పొడవున్న కర్ర. ఒకప్పుడు వెదురు, ఇప్పుడు ఫైబర్. కర్ర చివర కర్ర కన్నా కాస్త పొట్టి దారం. దారం చివర ముల్లు లేని గాలం. దానికి ఎర కూడా లేదు, మెరుపు ఒక్కటే ఉంది.

ఒక మనిషి తొట్టి దగ్గర నిలబడి బతికి ఉన్న రెహి చేపలను పిడికెడు పిడికెడు నీళ్లలోకి విసరడం మొదలుపెట్టాడు. అదే సమయంలో పడవ వెనక అంచు నుంచి సన్నటి నీటి ధారలు జల్లులా సముద్రం మీద పడసాగాయి. ఆ జల్లు ఎందుకని తర్వాత అడిగాను. నీటి పైభాగమంతా చిటపటలాడుతుంటే, అక్కడ చిన్న చేపల గుంపు ఉందని టూనా నమ్ముతుంది. పడవ నీడ, మనుషుల నీడ కూడా దానికి కనబడవు. మోటార్లు లేని రోజుల్లో ఆ నీటిని చేత్తోనే చిమ్మేవారు.

ఒక్కసారిగా నీళ్లు ఉడికాయి. ఇంకో మాట నాకు తోచడం లేదు. పడవ వెనక పది గజాల మేర సముద్రం తెర్లిపోయింది. మొదటి కర్ర వంగింది. ఆ మనిషి మోకాళ్లు కొంచెం మడిచి, నడుము వెనక్కి వాల్చి లేపాడు. నీలంగా, వెండిలా మెరుస్తూ మూడు కిలోల చేప ఒకటి గాలిలోకి లేచి, అతని తల మీదుగా వచ్చింది. సరిగ్గా అక్కడే ఆ నున్నటి గాలం పని తెలిసింది. చేప వెనక్కి వస్తుండగా దారం ఒక్క క్షణం సడలుతుంది. ముల్లు లేదు కనుక గాలం దానంతట అదే ఊడిపోతుంది. చేప పడవ మీద పడేలోపే గాలం మళ్లీ నీళ్లలో ఉంటుంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు, ఎవరూ చేపను చేత్తో పట్టి గాలం విడదీయరు. అలా నాలుగైదు క్షణాలకు ఒక చేప. పది కర్రలు లేస్తూ దిగుతూ ఉంటే, కళ్లంలో వడ్లు తూర్పారబోస్తున్నట్టు ఉంది.

కేయొళు నన్ను పిలిచి, ఒక కుర్రవాడి చేతిలోని కర్ర నాకు ఇప్పించారు. గాలం నీళ్లను తాకిందో లేదో, కర్ర నా చేతుల్లోంచి పోతున్నట్టు లాగింది. చేప బరువు మూడు కిలోలే కావచ్చు. నీళ్లలో దాని బలం అంతకు పదింతలు. లేపాను. అది సగం దాకా వచ్చి, మొప్పలు ఎర్రగా తెరిచి, ఒళ్లు విదిలించి గాలం విడిపించుకుని నీళ్లలో పడిపోయింది. కేయొళు నా భుజం మీద చెయ్యి వేసి అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "అది నీది కాదు తమ్ముడూ. దానికి పోయే దారి ఉండాలి. అందుకే ఈ గాలం." రెండోది వచ్చింది. నా కాళ్ల దగ్గర పలక మీద పడి, డోలు వాయించినట్టు తోకతో టపటపా కొట్టుకుంది. చేతులు వణికాయి. ఒక ప్రాణాన్ని సముద్రంలోంచి నా చేత్తో తీశానన్న సంగతి అప్పుడు పూర్తిగా తెలిసింది. బజారులో కొన్న చేప ఆ సంగతి చెప్పదు.

పావుగంటలో అంతా అయిపోయింది. గుంపు లోతుకు దిగిపోయింది. పక్షులు చెదిరిపోయాయి. కేయొళు వెంటాడలేదు. తొట్లలో ఇంకా ఎర ఉంది, మరో గుంపు కోసం చూద్దామన్నారు.

ఆ చేపను దగ్గరగా చూడండి. వాళ్లు కళుబిలమస్ అంటారు. మన విశాఖ రేవులో టూనాలన్నిటినీ సూర అంటారు, ఆ జాతిదే. వీపు ముదురు నీలం. పొట్ట తెల్లగా వెండిలా ఉండి, దాని మీద నామాలు దిద్దినట్టు నాలుగైదు నల్లని చారలు. ఒళ్లంతా కండే. చాలా చేపలకు నీళ్లలో తేలడానికి లోపల గాలి తిత్తి ఉంటుంది. దీనికి అది లేదు. ఈత ఆపితే మునిగిపోతుంది. మొప్పల్లోకి నీరు వెళ్లాలన్నా ఈదుతూనే ఉండాలి. పుట్టింది మొదలు చచ్చేదాకా ఒక్క క్షణం ఆగని ప్రాణి అది. చేత్తో ముట్టుకుంటే చుట్టూ ఉన్న నీటి కన్నా వెచ్చగా ఉంది. ఇది తొందరగా పెరిగి తొందరగా గుడ్లు పెట్టే జాతి. అందుకే జాగ్రత్తగా పట్టుకుంటే తరిగిపోని సంపద.

పలక మీద చేపలను మంచులో పెట్టాక టిఫిన్ పెట్టారు. పేరు మస్ హుని. పొగబెట్టిన టూనాను పొడిపొడిగా చేసి, పచ్చి కొబ్బరి తురుము, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, నిమ్మరసం కలిపి చేత్తో పిసికారు. పలుచటి రొట్టెతో తిని, పాలు లేని టీ తాగాం. మధ్యాహ్నానికి గరుధియ. అప్పుడే పట్టిన చేప ముక్కలను ఉప్పు నీళ్లలో ఉడికించిన తేట చారు. అన్నంలో పోసుకుని, నిమ్మకాయ పిండి, మిరపకాయ నంజుకుంటే మరేమీ అక్కర్లేదు. ఆ రోజు మూడు గుంపులు దొరికాయి. సాయంత్రం రేవులో లెక్క చూసి, పడవకు, కేయొళుకు వాటాలు పోగా మిగతాది మనుషులు పంచుకున్నారు. మన మరబోట్ల మీద వాటాలు పంచుకునే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

శ్రోతలారా, ఈ వేట, ఈ వంట నిన్న మొన్నటివి కావు. మొరాకో నుంచి బయలుదేరిన యాత్రికుడు ఇబ్న్ బతూతా 1343లో ఆ దీవులకు వచ్చి, అక్కడ న్యాయాధికారిగా కూడా పనిచేశాడు. ఈ చేప గురించి ఆయన రాశాడు. ముక్కలు కోసి, కొద్దిగా ఉడికించి, కొబ్బరాకు బుట్టల్లో పెట్టి పొగబెడతారని, ఎండాక ఇండియా, చైనా, యెమెన్ దేశాలకు పంపుతారని. దాదాపు ఏడు వందల ఏళ్ల తర్వాత నేను తిన్నదీ అదే పొగబెట్టిన చేప. మన లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో కూడా మాల్దీవుల భాషే మాట్లాడే జనం, ఇదే కర్రతో, ఇదే పద్ధతిలో టూనా పడతారు. ఇది మన దేశపు విద్య కూడా.

ఇంత పాత పద్ధతి ఇంకా ఎందుకు నిలిచింది? చేతకాక కాదు. వల వేసి టూనా పట్టడాన్ని ఆ దేశం చట్టప్రకారం ఒప్పుకోదు. బయటి సముద్రంలో దూరదేశాల పెద్ద ఓడలు కిలోమీటరుకు మించిన వలలతో గుంపును చుట్టేసి, అడుగున సంచి మూతిలా బిగించి, ఒక్క చుట్టుకే పదుల టన్నులు లాగుతాయి. ఆ వలలో ఇంకా గుడ్డు పెట్టని పిల్ల టూనా కూడా వస్తుంది, సొర వస్తుంది, తాబేలు వస్తుంది. కర్రతో పట్టేవాడికి ఆ సొర, తాబేలు బాధ దాదాపు లేదు. అతని గాలానికి వచ్చేది దాదాపు అంతా టూనాయే. పొరపాటున మరేదైనా వస్తే, ముల్లు లేదు కనుక ప్రాణంతో వెనక్కి పోతుంది. సొర వేటను 2010లో ఆ దేశం పూర్తిగా ఆపేసింది. ఈ కర్రగాలపు టూనా వేటకు 2012లో, చేప తరిగిపోకుండా పట్టేవాళ్లకు ఇచ్చే ఎం.ఎస్.సి. అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. హిందూ మహాసముద్రంలో టూనా వేటను చూసుకునే దేశాల కమిషన్, పసుపు రెక్కల టూనా అనే మరో జాతిని మితిమీరి పట్టేశారని 2015లో తేల్చింది. మరుసటి ఏడాది, మాల్దీవులు పెట్టిన ప్రతిపాదన మీదే, మేము పట్టిన ఈ నామాల టూనాను ఏడాదికి ఎంత పట్టవచ్చో లెక్కగట్టే నియమాన్ని ఆ కమిషన్ ఒప్పుకుంది. ఐదు లక్షల జనాభా ఉన్న చిన్న దేశం పెద్ద దేశాల మధ్య కూర్చుని సముద్రం తరఫున వాదించింది. నా లెక్కలో అది చాలా పెద్ద పని.

అయినా వాళ్లకు దిగులు లేకపోలేదు. ఎర చేపలు పెరిగేది పగడపు దిబ్బల నీడలో. సముద్రం వేడెక్కి 1998లోనూ, 2016లోనూ అక్కడి పగడాలు తెల్లబారి చాలా మేర చచ్చిపోయాయి. పగడం పోతే ఎర తగ్గుతుంది. ఎర లేకపోతే కర్ర ఎంత మంచిదైనా పని చేయదు. కేయొళు ఆ సాయంత్రం నాతో అన్నారు. "మా నాన్న రోజుల్లో నకై చెప్పినట్టే గాలి వచ్చేది. ఇప్పుడు నకై ఒకటి చెబుతుంది, గాలి ఒకటి చేస్తుంది." మన రైతు కార్తెల గురించి ఇదే మాట అనడం నేను ఎన్నోసార్లు విన్నాను.

ఇక మన తీరం సంగతి. మన విశాఖ, శ్రీకాకుళం ఒడ్డున కూడా గాలంతో సూర పట్టే మత్స్యకారులు ఉన్నారు. చిన్న తెప్ప మీద ఒంటరిగా నడిసముద్రానికి వెళ్లి, ఒక్కొక్క చేపను చేత్తో లాగి తెచ్చే మొనగాళ్లు వాళ్లు. ఆ విద్యకు మనం ఇవ్వవలసిన గౌరవం ఇవ్వలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటను ఆపుతారు. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజులు దాటేసరికి మృగశిర కార్తె వచ్చి ఉంటుంది. మన పెద్దల లెక్కా, చట్టం లెక్కా దాదాపు ఒకచోటే కలుస్తాయి. ఆ 61 రోజులూ పని లేక ఇంట్లో కూర్చునే కుటుంబాలు పడే కష్టం మనందరి కోసం పడే కష్టం. వాళ్లకు అందవలసిన సాయం వేళకు అందాలని అడగడం మన బాధ్యత.

కేయొళు ఈ గాలం ఇస్తూ చెప్పిన మాట ఒకటుంది. "నా కొడుకు కూడా దీంతోనే పట్టాలి. వాడి కొడుకు కూడా." దాచుకోమని ఇచ్చిన బహుమతి అనుకున్నాను. ఇంటికి వచ్చాక తెలిసింది, నలుగురికీ చెప్పమని ఇచ్చారని.

అందుకే మీకు ఒక మనవి. ఈ వారం చేపలు కొనడానికి వెళ్లినప్పుడు, అమ్మే అక్కను ధరతో పాటు మరో రెండు మాటలు అడగండి. ఇది ఏ ఒడ్డు చేప, గాలానికి పడిందా, వలకు పడిందా అని. అరచేతిలో పట్టే పిల్ల వంజరాన్ని ముద్దుగా ఉందని కొనకండి. కొన్నాళ్లు ఆగితే అదే చేప పెరిగి, గుడ్లు పెట్టి, మన పిల్లల కంచంలోకి కూడా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు చేప దొరకడం లేదని విసుక్కోకండి. సముద్రానికి కూడా పురిటి రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో దాని జోలికి పోకుండా ఉండడం మనం చేయగలిగిన పని.